సామ్రాజ్యమ్మ మామిడి

3 ఆగస్టు 1962, తోటపల్లి గూడూరు

మద్రాసు పని మానేసి వచ్చేశాను. ఇక ఒకరి కింద చేయను. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

చేయబోయే పని పేరు ట్రీ సర్జరీ. మద్రాసు బంగళా తోటలో సూపర్‌వైజరు నోట ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాకూ నవ్వొచ్చింది. చెట్టుకు ఆపరేషన్ ఏమిటి అనుకున్నాను. తర్వాత కళ్ళారా చూశాను. ఇంటి మీదికి వాలిన కొమ్మను ఒక్క పెంకు పగలకుండా దించడం, కుళ్ళిన చోటు గీకి తారు పూయడం, ఏ కొమ్మ తీస్తే చెట్టు బతుకుతుందో చూసి అది మాత్రమే తీయడం. మన వైపు చెట్టు దగ్గరికి రెండు రకాల మనుషులే వస్తారు. ఎక్కి కాయలు కోసేవాళ్ళు, నరికి కట్టెలు అమ్ముకునేవాళ్ళు. వైద్యం చేసేవాడు ఒక్కడూ లేడు. ఇక నేనున్నాను.

అత్తకు చెప్పాను. సామ్రాజ్యం మా నాన్నకు అక్క. నాన్న పోయాక నాకు మిగిలింది ఆమె ఒక్కతే, మామయ్య పోయాక ఆమెకు నేనొక్కణ్ణే. చెట్లకు రోగమొస్తే దేవుడు చూసుకుంటాడు కదరా హెబ్రోనూ, మధ్యలో నువ్వెందుకు అంది. మనుషులకు మాత్రం ఆసుపత్రులెందుకు మరి అన్నాను. అదీ నిజమే, చెయ్ అంది. అత్త ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టే. ఒప్పుకోకపోతే అదీ మొహం మీదే చెప్పేస్తుంది.

9 ఆగస్టు

నెల్లూరులో రంపాల కోసం కాళ్ళరిగేలా తిరిగాను. ఏ అంగట్లో చూసినా ఇద్దరు చెరో వైపు పట్టుకుని లాగే పెద్ద రంపమే. నాకు కావాల్సింది ఒంటి చేత్తో కోసేది. చెట్టు మీద ఒక చెయ్యి కొమ్మను పట్టుకుని ఉంటుంది కదా. పైగా నెట్టినప్పుడు కోసే రంపమైతే మనిషే వెనక్కి పోతాడు. లాగినప్పుడు కోసేది కావాలి, వంపు ఉండాలి. ఇదంతా అంగడాయనకు ఓపిగ్గా చెప్పాను. కొమ్మ కొట్టేదానికి ఇంత యాగీ ఏంది నాయనా, గొడ్డలి తీసకపో అన్నాడు. గొడ్డలితో కొడితే బెరడు చీలి మానుదాకా పోతుందన్నాను. ఆయన అప్పటికే ఇంకొకరికి మేకులు తూకం వేస్తున్నాడు.

11 ఆగస్టు

విరిగిపోయిన పెద్ద రంపం ముక్క ఒకటి సంపాదించి కమ్మరి గంగాధరంతో వంపు తిప్పించాను. పళ్ళు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఆకురాయి పెట్టి ఒక్కొక్క పన్నూ పిడి వైపుకు తిరిగేటట్టు నేనే రుద్దాను. బొటనవేలు తెగింది. వేపకొమ్మ మీద పెట్టి లాగితే వెన్నలో దిగినట్టు దిగింది. సాయంత్రమంతా దాన్నే చూసుకుంటూ కూర్చున్నాను. అత్త చూసి, పెళ్ళికూతుర్ని కూడా అట్ట చూడవు అనుకుంటా అంది.

15 ఆగస్టు

తాడు సంగతి. కొబ్బరితాడు ముడి బాగా పట్టుకుంటుంది గానీ తడిస్తే లోపల్లోపలే కుళ్ళుతుంది. పైకి తెలియదు. పడవలవాళ్ళ దగ్గర కొత్తగా నైలాన్ తాడు వచ్చింది, తళతళలాడుతోంది. మనసు పోయింది నాకు. ఒక కొస దూలానికి కట్టి ఊగి చూశాను. సాగుతోంది! కొమ్మను దించేటప్పుడు తాడు సాగితే కొమ్మ పోయి పెంకుల మీద కూర్చుంటుంది. వద్దనుకుని, సాగని మనీలా నార తాడు తెచ్చాను. చేతికి గరుగ్గా ఉంటుంది, బరువు, కానీ మాట మీద నిలబడే రకం.

కొబ్బరికాయలు దింపే ముత్యాలయ్య అన్న నాతో కలుస్తానన్నాడు. మనిషి మంచివాడే, మోకు దగ్గరే పేచీ. మానుకూ నడుముకూ కలిపి చుట్టే ఆ మోకు లేకుండా చెట్టెక్కనంటాడు. అన్నా, కొబ్బరి చెట్టంటే నిలువు మాను, మామిడికి పంగకొక దారి, మోకు ఎక్కడ తిప్పుతావు అన్నాను. నడుముకు ఆసరా ఉంటేనే రెండు చేతులూ పనికొస్తయ్ అబ్బయా అన్నాడు. చివరికి మోకుకు తోలు కుట్టించి, దాన్ని తాడుకు ముడివేసే ఏర్పాటు ఒకటి చేశాం. ఎవరు నెగ్గారో తెలియదు గానీ వస్తువు మాత్రం బాగా కుదిరింది.

20 ఆగస్టు

బోర్డు రాయించాను. ఇచ్చట చెట్లకు వైద్యము చేయబడును. ఊళ్ళో అప్పుడే చెట్ల డాక్టరు అని పేరు పెట్టేశారు. పక్కింటి మాలకొండమ్మ తన మునగచెట్టుకు దగ్గు పట్టుకుందనీ మాత్రలు రాసివ్వమనీ అడిగింది.

24 ఆగస్టు

మొదటి ఆపరేషన్ అత్త చెట్టుకే.

ఆ మామిడి గురించి రాయాలి. ఊళ్ళో దాన్ని సామ్రాజ్యమ్మ మామిడి అంటారు. కాయ చిన్నది, గట్టిది, పళ్ళు పులిసిపోయేంత పులుపు. పండితే ఎవరూ తినరు. కానీ ఆవకాయ పెడితే ఏడాది తిరిగినా ముక్క మెత్తబడదు. మామయ్య పోయినప్పటి నుంచి అత్త బతుకు ఈ చెట్టే. ఎండాకాలం వస్తే పెరడంతా జాడీలే. ఆ జాడీలు నెల్లూరు హాస్టళ్ళకూ, డాక్టర్ల ఇళ్ళకూ పోతాయి. ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా, ఎవరి పంచనా చేరకుండా తెల్లచీర కట్టుకుని తలెత్తుకుని తిరుగుతుందంటే దీని చలవే. పిల్లలకు సండే స్కూలు చెప్పేది కూడా ఈ చెట్టు కిందే.

వంటింటి మీదికి వాలిన పెద్ద కొమ్మను ముందు కింద నుంచి కొంచెం కోశాను, తర్వాత పై నుంచి. ముత్యాలయ్య అన్న తాడు వదులుతూ ఉంటే కొమ్మ పసిబిడ్డను దించినట్టు దిగింది. ఒక్క పెంకు కదలలేదు. కోసిన చోట తారు పూశాను. జనం మూగి చూశారు. అత్త కొమ్మను చేత్తో నిమిరి, దానికి నొప్పి తెలియకుండా కోసినావురా అంది. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకెవరిస్తారు.

ఊపులో ఉన్నాను కదా, ఇంకో నాలుగు కొమ్మలు కూడా తీశాను. గాలి ఆడుతుందని.

6 సెప్టెంబరు

అత్త మీద ఒళ్ళు మండిపోతోంది.

పద్మనాభయ్య గారు పెద్ద రైతు, ఇంటి చుట్టూ చెట్లే. మీ వాడు మద్రాసులో ఈ చదువు చదివినాడా అని అత్తను అడిగారట. చదవలేదండీ, తోటమాలిగా చేసినాడు, మొదట చాన్నాళ్ళు ఆకులు ఊడ్చినాడు, తర్వాత చూసి నేర్చుకున్నాడు అని చెప్పిందట! ఆయన మళ్ళీ కబురు పంపలేదు. చదివినాడని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది అని అరిచాను. అడిగింది నన్ను కదరా, లేనిది ఎట్ట చెప్పేది అంది, అన్నం వడ్డిస్తూ.

సండే స్కూల్లో ఒక పిల్లవాడు బైబిలు వాక్యం నేర్చుకోకుండానే వచ్చునని చెబితే వాడి చేత అందరి ముందూ ఒప్పించిందట పోయిన వారం. అలాంటి మనిషితో వ్యాపారం చేయడం ఎలా?

18 నవంబరు

వానలు. పని లేదు. రంపానికి కొబ్బరినూనె రాసి గోడకు తగిలించాను.

27 జనవరి 1963

ఊళ్ళో మామిళ్ళన్నీ పూతతో తెల్లబడ్డాయి. అత్త చెట్టుకు మాత్రం ఎక్కడో ఒక రెమ్మ, ఇంకెక్కడో ఒక రెమ్మ. కొమ్మలు ఎక్కువ తీసేశాను, నాకు తెలుసు. మద్రాసులో కూడా అలా తీసిన ఏడాది కాపు తగ్గేది, మరుసటి ఏడాది రెట్టింపు వచ్చేది. అత్తకు అదే చెప్పాను. ఒక ఏడాదికి ఏముందిలేరా, ఓపిక పడతాం అంది.

ఆమె ఓపిక పడుతుంది. ఊరు పట్టదే. చెట్ల డాక్టరు చెయ్యి పడితే చెట్టు గొడ్డుబోయింది అంటున్నారట. చింతచెట్టు పని ఇస్తానన్నవాళ్ళు మానుకున్నారు. ఏదో ఒకటి చేయాలి. వచ్చే ఏడాది దాకా ఆగేంత తీరిక నాకు లేదు.

30 జనవరి

దారి తోచింది. ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో!

మా పాలెంలో నాన్న కొబ్బరితోట చూసినన్నాళ్ళూ ప్రతి చెట్టు పాదులోనూ కల్లుప్పు వేసేవాడు. ఉప్పు పడితే చెట్టుకు పుష్టి, తేమ నిలుస్తుంది, పిందె రాలదు. సముద్రం ఒడ్డున పుట్టినవాళ్ళకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. అత్తతో అంటే ఆమె మొహం వెలిగింది. అవునురా, మా నాయన కూడా వేసేవాడు, మేం చిన్నప్పుడు బుట్టల్తో మోసినాం, ఇన్నేళ్ళూ ఈ చెట్టుకు ఒక పిడికెడు కూడా వెయ్యకపోతిని అంది. పాపం, దానికి బాకీ పడ్డట్టు బాధపడింది.

ఉప్పుమళ్ళ దగ్గర నుంచి పెద్ద బుట్ట నిండా తెచ్చాను. చెట్టు చుట్టూ పాదు తవ్వాను. కొబ్బరికి దోసిలి చాలు. ఇది పెద్ద చెట్టు కదా, బుట్టంతా వేశాను. మీద మన్ను కప్పి నీళ్ళు పెట్టాం. అత్త కూడా చేదతో తోడి పోసింది, ప్రార్థన కూడా చేసింది.

26 ఫిబ్రవరి

ఉన్న కాస్త పూతా రాలిపోయింది. ఆకుల అంచులు ఎర్రబారుతున్నాయి, అగ్గి చూపించినట్టు. ఎండ ఈ ఏడు ముందే వచ్చింది.

14 మార్చి

ఆకు అంచులే కాదు, సగం దాకా మాడింది. తేమ చాలడం లేదు, అంతే. అత్త అటక మీద నుంచి ఉప్పుకుండ దించింది. ఆవకాయ కోసం ఎండబెట్టి, దంచి పెట్టుకున్న ఉప్పు. కాయే లేని ఏడాది ఇది నాకెందుకురా, దానికే వెయ్యి, దాని ఉప్పు అదే తింటుంది అంది. నేను పాదు తవ్వుతుంటే ఆమె తన చేత్తోనే చల్లింది. వేలి సందుల్లోది కూడా దులిపి వేసింది.

9 ఏప్రిల్

ఆకులు రాలుతున్నాయి. ఊడ్చేకొద్దీ రాలుతున్నాయి.

28 ఏప్రిల్

సండే స్కూలు అరుగు మీదికి మార్చింది అత్త. చెట్టు కింద నీడ లేదు.

12 మే

ఈ రోజు గంగులయ్య తోటకు పనికి పోయాను. ఉప్పుటేరు పక్కన తోట. గాలికి విరిగిన కొబ్బరిమట్టలూ, రెండు ఎండు చెట్లూ తీయాలని కబురు పంపాడు. నేనూ ముత్యాలయ్య అన్నా పొద్దున్నే పోయాం. కొబ్బరిచెట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, గెలలు వేలాడుతున్నాయి. వాటి మధ్యలో మామిళ్ళు ఉన్నాయి. దూరం నుంచే నా కాళ్ళు ఆగిపోయాయి. అవే అంచులు. అదే ఎరుపు. అగ్గి చూపించినట్టు, సగం దాకా. కింద అదే రాలిన ఆకు.

ఎందుకిట్టయినయ్ అని అడిగాను. గంగులయ్య చాలా మామూలుగా చెప్పాడు. వానల్లో ఏటి కట్ట తెగి పోటు నీళ్ళు తోటలోకి వచ్చినాయంట. ఉప్పు గదా, కొబ్బరి తట్టుకున్నది, మామిడి యాడ తట్టుకుంటది సామీ అన్నాడు.

కొబ్బరి తట్టుకుంది. మామిడి ఎక్కడ తట్టుకుంటుంది!

ఎండు చెట్టు ఎక్కి కూర్చుని కోయలేకపోయాను. ముత్యాలయ్య అన్న కింద నుంచి ఏమైందని రెండుసార్లు కేకేశాడు. కళ్ళు తిరుగుతున్నాయని దిగేశాను. దారి పొడుగునా ఒకటే లెక్క వేసుకుంటూ వచ్చాను. బుట్టెడు నేను తెచ్చాను. కుండెడు ఆమె చేత చల్లించాను. రంపానికి పన్ను ఏ వైపు ఉండాలో అంత తెలిసినవాణ్ణి, తాడు సాగుతుందో లేదో ఊగి చూసుకున్నవాణ్ణి, ఉప్పు వేసే ముందు ఒక్క మొక్కకైనా వేసి చూడలేకపోయానా? ఇంట్లో పుట్టిన మాట కదా, దాన్ని పరీక్ష చేయాలని ఎవరికి తోస్తుంది.

13 మే

చెప్పలేదు.

14 మే

ఈ పూటా చెప్పలేదు. అత్త నాకు ఒంట్లో బాగాలేదనుకుని మిరియాల చారు పెట్టింది.

15 మే

చెప్పేశాను. చెట్టు కిందే, ఊడుస్తుంటే. ఉప్పే అత్తా, మనం వేసిన ఉప్పే చంపుతోంది అన్నాను. చీపురు కింద పెట్టింది. నన్ను తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండేది. తన చేతులు తిప్పి చూసుకుంది. తర్వాత, బతికించే దారి ఉందా అని అడిగింది. మంచినీళ్ళు పోసి పోసి ఉప్పును కిందికి దింపాలి, వేరే దారి లేదు అన్నాను.

అయితే లెయ్, కూర్చున్నావెందుకు అంది.

19 మే

మా బావి ఎండాకాలం ఉప్పనెక్కుతుంది. నోట్లో పోసుకుని ఉమ్మేశాను. ఇన్నాళ్ళూ ఈ నీళ్ళే పోస్తున్నాం దానికి. ఎండలకు కాలవకు నీళ్ళు ఆపేశారు. మంచినీళ్ళ బావి ఊరి అవతల. పాత పాదు మన్నంతా తోడి బయట పారేశాను. ముత్యాలయ్య అన్న ఒక కావడి, నేనొక కావడి. అత్త నడుము మీద బిందె. వద్దన్నా వినదు.

ఊరివాళ్ళు చూసి, ఎండిన మామిడికి ఇంత నీళ్ళేంది అంటున్నారు. మనుషులకే లేవు ఈ ఎండలో. నిజమే. బావి దగ్గర ఆడవాళ్ళు మొహం చిట్లిస్తున్నారు.

2 జూన్

భుజాలు పుండ్లు పడ్డాయి. నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు.

21 జూన్

చిగురు! దక్షిణం వైపు కొమ్మకు, ఎర్రగా, చిటికెన వేలంత. అత్తను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ముత్యాలయ్య అన్న కూడా కళ్ళు తుడుచుకుని, పొగ పడింది అన్నాడు. పొగ ఎక్కడిది?

5 జూలై

చిగురు మాడిపోయింది. అంచుల నుంచే.

16 జూలై

బెరడు గీకి చూశాను. మాను మొదలు దగ్గర గోధుమరంగు, పచ్చి లేదు. పైన గీకాను, అక్కడా అంతే. ఎక్కగలిగినంత ఎక్కి గీకాను. దిగి వచ్చి ఇంకేమీ లేదని చెప్పాను.

అత్త చేతిలో బిందె ఉంది. ఆ నీళ్ళు కూడా పాదులో పోసేసి లోపలికి పోయింది.

4 ఆగస్టు

ఈ రోజు జరిగింది రాయకుండా ఉండలేను.

మాలకొండమ్మ వచ్చి గోడ మీద నుంచి అడిగింది. సామ్రాజ్యమక్కా, నిజం చెప్పు, మీ వాడి చేతి వల్లనే గదా చెట్టు పోయింది అని. నేను వంటింట్లో ఉన్నాను. అత్త సంగతి నాకు తెలుసు. ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుంది, ఇక ఊళ్ళో నా పని అయిపోయినట్టే అనుకున్నాను. అనుకుని, అదీ మంచిదే అని కూడా అనుకున్నాను. ఈ రెండోది కూడా నిజంగానే అనుకున్నాను.

అత్త కొంచెం ఆగింది. పురుగమ్మా అంది. కాండంలో పురుగు పడింది, లోపలంతా తినేసింది, మా వాడు ఎంత చేసినా ఆగలేదు, వాడు లేకపోతే పోయినేడే పోయి ఉండేది అంది.

నేను బయటికి రాలేకపోయాను. మాలకొండమ్మ అయ్యో అయ్యో అంటూ పోయింది. అత్త లోపలికి వచ్చి నా వైపు చూడకుండా పొయ్యిలో పుల్ల ఎగదోసింది. ఎందుకట్లా చెప్పావు అని అడిగాను. నువ్వు కూడా ఉప్పని ఎవరికీ చెప్పబాక, చెట్టు ఎట్టాగూ పోయింది, నీ చేతిపని కూడా పోతే ఇద్దరం ఏం తింటాం అంది. అది కాదత్తా, నువ్వు అబద్ధం... అని మొదలుపెట్టాను. చల్లింది నేనే గదరా అంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ అన్నం నేను తిన్నాను.

25 ఆగస్టు

పురుగు మాట ఊరంతా పాకింది. చర్చి దగ్గర పాస్టరు గారు అడిగితే ఆయనతోనూ అదే చెప్పింది. మొదటిసారి చెప్పినప్పుడు గొంతు తడబడింది. ఇప్పుడు తడబడటం లేదు. అదే నాకు భయంగా ఉంది.

సండే స్కూలు ఇంకెవరికైనా ఇవ్వమని చెప్పిందట. కళ్ళు సరిగా ఆనడం లేదందట. సూదిలో దారం నాకంటే ముందు ఎక్కిస్తుంది ఈమె.

17 సెప్టెంబరు

మా చెట్టు కాయ లేక ఎండాకాలంలో అత్త మనుబోలు వైపు తోటల కాయలు తెచ్చి కొంచెం పచ్చడి పెట్టింది, హాస్టలువాళ్ళు ఆ జాడీలు వెనక్కి పంపారు. ముక్క మెత్తబడిందట. అత్త ఒక ముక్క నోట్లో వేసుకుని చూసి, వాళ్ళు చెప్పింది నిజమే అంది. పచ్చడి పారబోసి జాడీలు కడిగి బోర్లించింది.

6 అక్టోబరు

వానలు వచ్చేలోగా చెట్టు తీసేయాలి. ఎండిన మాను, గాలి వస్తే ఇంటి మీద పడుతుంది. ఇంకెవరినైనా పిలుద్దామా అన్నాను. నాకు చేతులు రావడం లేదని చెప్పాను. వాళ్ళు గొడ్డలి వేస్తారు, నువ్వే చెయ్ అంది.

10 అక్టోబరు

చేశాను.

పొద్దున మొదలుపెడితే సాయంత్రం అయింది. పై నుంచి ఒక్కొక్క కొమ్మ, ముక్కలు ముక్కలుగా. ఒక కొమ్మ మాలకొండమ్మ ఇంటి వైపు, ఒకటి మా వంటింటి వైపు. ఎండు కొమ్మ పచ్చి కొమ్మలా వంగదు, చెప్పకుండా పుటుక్కుమంటుంది. ప్రతి కొమ్మకూ రెండు తాళ్ళు కట్టాను. రంపం బాగా కోసింది. మనీలా తాడు ఒక్కసారి కూడా జారలేదు. తోలు కుట్టిన మోకు నన్ను పట్టుకుని కూర్చుంది. ఏ సామాను తప్పు ఏమీ లేదు. నా జన్మలో ఇంత నేర్పుగా ఏ పనీ చేయలేదు, ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది.

ఊరు ఊరంతా చూసింది. చివరి మాను ఖాళీ స్థలంలో, నేను గీత గీసి చూపించిన చోటనే పడితే చప్పట్లు కొట్టారు. చప్పట్లు! పద్మనాభయ్య గారు కూడా వచ్చారు. పెంకు ఒక్కటి కూడా పగల్లేదే అని భుజం తట్టారు. పురుగు పడిందని ఎట్ట కనుక్కున్నావయ్యా, మా తోట కూడా చూడాల నువ్వు అన్నారు. అత్త అక్కడే ఉంది. నేను నోరు తెరిచాను, ఆమె నా వైపు చూసింది. వస్తానండీ అన్నాను.

కోసిన మానులో పురుగు జాడ లేదు. గట్టి కట్టె. కనిపించకుండా అత్త దాని మీద గోనెపట్టా కప్పింది.

3 నవంబరు

పద్మనాభయ్య గారి తోట, ఆయన వియ్యంకుడి తోట, రోడ్డు పక్క చింతచెట్లు. రోజూ పనే. ముత్యాలయ్య అన్న తమ్ముణ్ణి కూడా పెట్టుకున్నాం. పురుగును కనిపెట్టే మనిషని పేరొచ్చింది నాకు. ఎవరి మామిడి దగ్గరికి పోయినా ముందు పాదు చూస్తాను, కొబ్బరికి ఉప్పు వేసే అలవాటున్న ఇల్లా అని అడుగుతాను. మామిడికి మాత్రం వేయొద్దని చెప్తున్నాను. ఎందుకని అడిగితే మద్రాసులో చెప్పారంటున్నాను. ఇదీ అబద్ధమే. ఇంట్లో ఇప్పుడు ఇద్దరం చెబుతున్నాం.

19 నవంబరు

అత్త ఈ రోజు కిరసనాయిలు తెప్పించేదా అని నన్ను అడిగింది.

అడిగింది! ఈ ఇంట్లో కిరసనాయిలుకు ఆమె ఎవరినైనా ఎప్పుడైనా అడిగిందా? నిన్న చెప్పులు తెగితే తాడు కట్టుకుని నడిచింది. కొత్తవి కొనుక్కోమంటే నీకు వీలైనప్పుడు చూద్దాంలే అంది. నేను సంపాదించి పెడుతున్నాను కదా అని ఊళ్ళో అందరూ మెచ్చుకుంటున్నారు. మేనల్లుడంటే అట్ట ఉండాలంట. ఆమె వింటూ తల ఊపుతుంది. నాకు ఆ మాట వినపడినప్పుడల్లా ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తుంది. డబ్బంతా తీసుకుపోయి ఆమె పెట్టెలో పెట్టాను, ఇక నన్ను అడగబాక అన్నాను. సరే అంది. ఈ పొద్దున మళ్ళీ ఉల్లిపాయలకు అడిగింది.

8 డిసెంబరు

అత్తా, ఊళ్ళో నిజం చెప్పేస్తాను, ఏమైతే అదవుతుంది అన్నాను. నేను చెప్పిందంతా అబద్ధమని చెప్తావా అంది. ఇప్పుడు నేను నిజం చెప్తే నా పనితో పాటు ఆమె మాట కూడా పోతుంది. ముందే చెప్పి ఉండాల్సింది. ఆ రోజు వంటింట్లోంచి రెండు అడుగులు బయటికి వేసి ఉంటే చాలు.

22 డిసెంబరు, ఆదివారం

చర్చిలో ఈ రోజు అత్తను ప్రార్థన చేయమన్నారు. లేచి కళ్ళు మూసుకుంది. పురుగు పట్టి చచ్చిన మా చెట్టును దించేటప్పుడు మా బిడ్డకు దెబ్బ తగలకుండా కాపాడినావు తండ్రీ, నీకు స్తోత్రం అంది.

ఆ దేవుడితో కూడా పురుగనే చెప్పింది.

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.